క్యారవాన్‌లో టీవీ కావాలా? డిష్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

క్యారవాన్ అనగానే మనకు ఠక్కున గుర్తొచ్చేది సినిమా షూటింగే. హీరోగారు షాట్ గ్యాప్‌లో వెళ్లి కూర్చునే ఏసీ బండి. ఇప్పుడు ఆ సీన్ మారింది. కేరళ ప్రభుత్వం 2021లోనే క్యారవాన్ టూరిజం కోసం ఒక పాలసీ తెచ్చింది. మన దగ్గర కూడా టెంపో ట్రావెలర్ సైజు బండ్లలో నాలుగు బెర్తులు, చిన్న వంటగట్టు, బాత్‌రూమ్ పెట్టి అద్దెకిచ్చేవాళ్లు దొరుకుతున్నారు. బండిలో గోడకి టీవీ కూడా ఉంటుంది. "ఇందులో ఏమొస్తాయండీ?" అని అడిగి చూడండి. "పెన్‌డ్రైవ్ పెట్టుకోండి సార్, ఏదైనా వస్తుంది" అంటారు. అదీ సంగతి.

నాకు ఈ సమాధానం సరిపోలేదు. ఎందుకంటే మా టూర్ మొత్తం ఆ టీవీ మీదే ఆధారపడి ఉంది. మా తాతయ్యకి 82 ఏళ్లు. మోకాళ్లు సహకరించక మూడేళ్లుగా ఊరు దాటలేదు. "మీరు కొండలెక్కుతుంటే నేను బండిలో కూర్చుని ఏం చెయ్యాలిరా? సాయంత్రం వార్తలు, మ్యాచ్ ఉంటే మ్యాచ్. అవి చూపిస్తానంటే వస్తా, లేకపోతే నన్ను వదిలెయ్యండి" అన్నాడు. ఆయన రాకపోతే అమ్మమ్మ రాదు. అమ్మమ్మ రాకపోతే అమ్మ రాదు. అలా తొమ్మిది రోజుల ప్రయాణం ఒక డిష్ దగ్గర ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి మారేడుమిల్లి మీదుగా అరకు వెళ్లి రావాలని ప్లాన్.

అప్పుడు మొదలుపెట్టాను వెతకడం. రెండు వారాల్లో తెలిసిన విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఈ వ్యవహారంలో ఏ బ్రాండ్ కొనాలన్నది ఆఖరి ప్రశ్న. బండి కదులుతుండగా చూడాలా, ఆగాక చూస్తే చాలా అన్నది మొదటి ప్రశ్న. దానికి మీరు చెప్పే జవాబుని బట్టే ఖర్చు వేలల్లో ఉంటుందా, లక్షల్లో ఉంటుందా అన్నది తేలిపోతుంది.

ఓటీటీ ఉండగా డిష్ ఎందుకు బాస్?

ఈ డౌట్ మీకు వస్తుందని తెలుసు. మా తమ్ముడు కూడా ఇదే అన్నాడు. "ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి టీవీకి కనెక్ట్ చేస్తే అయిపోయె కదా!"

సిటీలో అయిపోతుంది. హైవే పక్కన దాబా దగ్గరా అయిపోతుంది. అందుకే మీ టూర్ అంతా హైవేలు, పెద్ద ఊళ్ల మీదుగానే సాగేదైతే ఈ ఆర్టికల్ ఇక్కడితో ఆపేసి, మంచి డేటా ప్యాక్ వేయించుకోండి. డిష్ దండగ.

కానీ క్యారవాన్ తీసుకునేదే అలాంటి చోట్లకి వెళ్లడానికి కాదు కదా. నల్లమలలో, మారేడుమిల్లి ఘాట్‌లో, అరకు లోయలోని మూలమలుపుల్లో ఫోన్‌లో గీతలు ఒకటొకటిగా మాయమవుతాయి. పైగా హెచ్‌డీలో లైవ్ మ్యాచ్ చూస్తే గంటకు రెండు మూడు జీబీ డేటా ఇట్టే ఖాళీ అవుతుంది. ఉపగ్రహానికి టవర్‌తో పని లేదు. భూమధ్యరేఖకి పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతూ, మనకి మాత్రం ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తుంది. మన డీటీహెచ్ ఉపగ్రహాల సిగ్నల్ దేశమంతా పడుతుంది. మీకు కావాల్సిందల్లా ఆ వైపు అడ్డం లేని ఆకాశం. అంతే.

కదులుతూనా? ఆగాకా?

మార్కెట్‌లో దొరికేవన్నీ మూడు రకాల్లోకి వస్తాయి.

మొదటిది, కదులుతున్నా పనిచేసే డోమ్. బండి పైకప్పు మీద బోర్లించిన గిన్నెలా ఉంటుంది. లోపల చిన్న డిష్, దాన్ని అటూ ఇటూ తిప్పే మోటార్లు, బండి మలుపు తిరిగిందని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. బండి ఎటు తిరిగినా డిష్ మాత్రం ఉపగ్రహం వైపే చూస్తూ ఉంటుంది. అద్భుతమే. నేను అడిగిన చోట బిగింపుతో కలిపి లక్షన్నర దాటింది. అంత పెట్టినా లోపలి డిష్ చిన్నది కాబట్టి గట్టి వాన పడితే త్వరగా చేతులెత్తేస్తుంది. ఫ్లైఓవర్ కిందికి వెళ్లినా, రోడ్డుకి రెండు వైపులా చెట్లు కమ్ముకున్నా బొమ్మ ఆగిపోతుంది. ఘాట్ రోడ్డులో అయితే ఒక మలుపులో బొమ్మ, ఇంకో మలుపులో కొండ!

రెండోది, ఆగాక తనంతట తానే వెతుక్కునే ఆటోమేటిక్ డిష్. బండి ఆపి బటన్ నొక్కితే పైకి లేచి, చుట్టూ తిరిగి, ఉపగ్రహాన్ని పట్టుకుని ఆగుతుంది. అమెరికా, యూరప్ మోటర్‌హోమ్‌ల మీద ఇవి మామూలు. సుఖం ఎక్కువే, ధర కూడా దానికి తగ్గట్టే.

మూడోది, మన ఇంటి మీద ఉండే మామూలు డిష్. దాన్ని గోడకి కాకుండా మడిచే మూడు కాళ్ల స్టాండుకి బిగిస్తాం. బండి ఆపాక దించి, నేల మీద పెట్టి, చేత్తో తిప్పి సరిచేసుకోవాలి. ఖర్చు వేలల్లోనే. ఒళ్లు వంచితే చాలు.

ఇప్పుడు నిజాయతీగా ఆలోచించండి. బండి కదులుతుంటే టీవీ ఎవరు చూస్తారు? పగలంతా కిటికీలోంచి బయటికి చూస్తాం, లేదంటే నిద్రపోతాం. డ్రైవర్‌కి తెర కనిపించనే కూడదు. టీవీ పెట్టేది సాయంత్రం ఆగాక, టీ తాగాక. మా ఇంట్లో కూర్చుని లెక్కేస్తే రోజుకి మూడు నాలుగు గంటలు, అదీ బండి ఆగాకే. అలాంటప్పుడు లక్షన్నర పెట్టి కదిలే డోమ్ కొనడమంటే దోమని చంపడానికి తుపాకీ కొన్నట్టే. మేం మూడో రకం తీసుకున్నాం.

బండి నీడలో, డిష్ ఎండలో

డబ్బుల సంగతి పక్కన పెట్టినా స్టాండు డిష్‌కి ఇంకో పెద్ద లాభం ఉంది. మన వాతావరణంలో ఇది చాలా ముఖ్యం.

పైకప్పుకి బిగించిన డిష్‌కి ఆకాశం కనపడాలంటే బండిని ఆరుబయట ఆపాలి. మన ఎండల్లో ఆరుబయట ఆపిన బండి లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఇడ్లీ కుక్కరే. ఎవరైనా వేపచెట్టో మర్రిచెట్టో చూసుకుని ఆపుతారు. పైకప్పు డిష్ ఉంటే నీడ కావాలా, టీవీ కావాలా తేల్చుకోవాల్సిందే. స్టాండు డిష్‌కి ఆ గొడవ లేదు. 15 మీటర్ల కేబుల్ ఉంటే బండిని చెట్టు కింద ఆపి, డిష్‌ని తీసుకెళ్లి ఎండలో నిలబెట్టొచ్చు. తాతయ్య నీడలో, డిష్ ఎండలో.

ఆకాశంలో ఎవరెక్కడ?

డీటీహెచ్ ఎంచుకునేటప్పుడు మనం ప్యాక్ ధర చూస్తాం, ఛానెళ్లు చూస్తాం. క్యారవాన్‌కి ఇంకోటి చూడాలి. ఏ కంపెనీ ఉపగ్రహం ఆకాశంలో ఏ మూల ఉందన్నది.

టాటా ప్లే సిగ్నల్ 83 డిగ్రీల తూర్పు నుంచి వస్తుంది. ఆ కంపెనీ కోసం జీశాట్-24 ఉపగ్రహాన్ని 2022 జూన్‌లో ప్రయోగించారు. డీ2హెచ్‌ది 88 డిగ్రీలు. డీడీ ఫ్రీ డిష్, సన్ డైరెక్ట్ రెండూ 93.5 డిగ్రీలు. డిష్ టీవీ 95. ఎయిర్‌టెల్ 108.2.

ఈ అంకెల్ని హైదరాబాద్‌లో నిలబడి చూస్తే ఏమవుతుంది? టాటా ప్లే దాదాపు దక్షిణంలో, కొద్దిగా తూర్పుకి, నేల నుంచి సుమారు 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గర. ఫ్రీ డిష్ ఇంచుమించు ఆగ్నేయంలో, సుమారు 63 డిగ్రీల ఎత్తున. ఎయిర్‌టెల్ ఇంకా తూర్పుకి జరిగి, సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

ఎత్తు ఎక్కువైతే లాభమేంటి? చెట్లు, కొండలు, పక్క బిల్డింగులు అడ్డం రావు. యూరప్ ఉత్తర దేశాల్లో ఉపగ్రహాలు ఆకాశంలో చాలా కిందికి కనిపిస్తాయి, అక్కడివాళ్లకి చెట్లే పెద్ద శత్రువులు. మనం భూమధ్యరేఖకి దగ్గరున్నాం కాబట్టి ఈ విషయంలో అదృష్టవంతులం. ఐదింటిలో ఏదైనా మన రాష్ట్రాల్లో బాగానే దొరుకుతుంది. ఇరుకైన లోయల్లో, గుబురు చెట్ల మధ్య ఆగే అలవాటుంటే మాత్రం ఎత్తున ఉన్న ఉపగ్రహం కాస్త మేలు.

అదే బండేసుకుని లేహ్ దాకా పోతే కథ వేరు. ఇక్కడ 63 డిగ్రీల ఎత్తున ఉన్న ఫ్రీ డిష్ ఉపగ్రహం అక్కడ సుమారు 47 డిగ్రీలకి దిగిపోతుంది. చుట్టూ కొండలు. అప్పుడు ఆపే చోటు చూసుకుని ఆపాలి.

ఒక చిట్కా గుర్తుంచుకోండి. మన ఐదు ఉపగ్రహాలూ దక్షిణానికీ తూర్పుకీ మధ్యలోనే ఉన్నాయి. కాబట్టి బండి ఆపేటప్పుడు దక్షిణం, ఆగ్నేయం ఖాళీగా ఉందా అని చూస్తే చాలు. ఉత్తరాన, పడమరన ఎన్ని చెట్లున్నా ఫర్వాలేదు. పడమర చెట్లు సాయంత్రం ఎండని కూడా ఆపుతాయి, బోనస్.

నెలనెలా కట్టాలా, ఉచితమా?

ఏడాదికి పది పదిహేను రోజులు తిరిగేవాళ్లకి నెలనెలా రీఛార్జ్ నష్టం. వాళ్లకి మొదట గుర్తు రావాల్సింది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. బాక్స్, డిష్ ఒకసారి కొనుక్కుంటే నెల ఫీజు లేదు, కార్డు లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. అయితే ప్రైవేటు ఛానెళ్ల జాబితా ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. మీ ఇంట్లో తప్పకుండా చూసే సీరియల్, న్యూస్ ఛానెల్ ఇప్పుడు అందులో ఉన్నాయా అని కొనేముందే చూసుకోండి. లేకపోతే అత్తయ్యలు, పిన్నిల దగ్గర మాట పడేది మీరే.

ప్రైవేటు డీటీహెచ్ ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఆ బాక్సే బండిలోకి తీసుకెళ్లొచ్చా? ఉపగ్రహం సిగ్నల్ దేశమంతా ఒకటే కాబట్టి సాంకేతికంగా పనిచేస్తుంది. కనెక్షన్ ఒక చిరునామా మీద ఉంటుంది గనక షరతుల సంగతి కస్టమర్ కేర్‌ని అడిగి తెలుసుకోండి. మేం అడిగి, ఇంటి బాక్సే తీసుకెళ్లాం. కొత్తగా కొన్నవి రెండో డిష్, స్టాండు, కేబుల్. అంతే.

రీఛార్జ్ మాత్రం బయల్దేరే ముందే చేయించండి. అడవి మధ్యలో ప్యాక్ అయిపోతే రీఛార్జ్ చేయడానికి ఫోన్ సిగ్నల్ ఉండదు. చేశాక కూడా ఆ సమాచారం బాక్స్‌కి ఉపగ్రహం ద్వారానే చేరాలి, అంటే బాక్స్ ఆన్‌లో ఉండాలి, డిష్ సరిగ్గా చూస్తూ ఉండాలి. నెలల తరబడి మూలన పడేసిన బాక్స్‌ని కూడా ఇంటి దగ్గరే ఓ గంట ఆన్ చేసి ఉంచితే మంచిది.

సైజు, స్టాండు, కేబుల్

డిష్ పెద్దదైతే సిగ్నల్ ఎక్కువ పడుతుంది, వానకి కాస్త ఎక్కువసేపు తట్టుకుంటుంది. కానీ గురి కచ్చితంగా ఉండాలి. 60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో చూసే ముక్క సుమారు మూడు డిగ్రీల వెడల్పే. చెయ్యి ముందుకి చాచి బొటనవేలు నిలబెడితే ఆ వేలు దాదాపు రెండు డిగ్రీలు కప్పుతుంది. అంటే వేలున్నర అన్నమాట. 45 సెంటీమీటర్ల డిష్‌కి నాలుగు డిగ్రీల దాకా ఉంటుంది, గురి తేలిక, వానకి బలహీనం. బండిలో పెట్టుకోవడానికి చోటుంటే 60 తీసుకోండి. మేం బెర్తు కింద అడ్డంగా పెట్టేశాం.

స్టాండు విషయంలో పిసినారితనం వద్దు. తేలికపాటి స్టాండు గాలికి ఊగితే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. స్టాండు మధ్యలో ఒక కొక్కెం కట్టి, నీళ్లు నింపిన 20 లీటర్ల క్యాన్ వేలాడదీస్తే కదలమన్నా కదలదు. నీళ్ల క్యాన్ ఎలాగూ బండిలో ఉండేదే.

కేబుల్ ఆర్‌జీ-6 రకం, 15 మీటర్లు చాలు. రెండు చివర్లా కనెక్టర్లు షాపులోనే గట్టిగా వేయించుకోండి. ఒక జాగ్రత్త: బాక్స్ ఆన్‌లో ఉండగా కేబుల్ పీకడం, పెట్టడం చేయొద్దు. డిష్ ముందు ఉండే ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ కేబుల్ ద్వారానే బాక్స్ నుంచి వెళ్తుంది. షార్ట్ అయితే బాక్స్ పోతుంది. ముందు స్విచ్ ఆపండి, తర్వాతే కేబుల్.

కరెంటు లెక్క

ఇంట్లో ప్లగ్ పెడితే అయిపోతుంది. బండిలో బ్యాటరీ ఉన్నంతసేపే టీవీ.

24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ 30 వాట్లు, బాక్స్ 12 వాట్లు అనుకుందాం. మొత్తం 42. రోజుకి నాలుగు గంటలు చూస్తే 168 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలిపి 200 అనుకోండి. బండిలో 12 వోల్టుల, 100 ఏహెచ్ మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే అందులో 1,200 వాట్ అవర్లు ఉంటాయి. అది పాడవకుండా ఉండాలంటే సగమే వాడాలి. అంటే 600. టీవీ ఒక్కటే అయితే మూడు రాత్రులు వస్తుంది. కానీ అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్ కూడా ఉంటాయి. మీ బండివి కలిపి ఇలాగే లెక్కేసుకోండి. టీవీ వెనక, అడాప్టర్ మీద వాట్లు రాసే ఉంటాయి.

చాలా బాక్సుల అడాప్టర్ 12 వోల్టులదే. "అయితే ఇన్వర్టర్ ఎందుకు, నేరుగా బండి బ్యాటరీకి కలిపేద్దాం" అనిపిస్తుంది. ఆగండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బండి కరెంటు 14 వోల్టులు దాటుతుంది. మధ్యలో 12 వోల్టులే ఇచ్చే డీసీ కన్వర్టర్ పెట్టి కలపాలి. ఆటో ఎలక్ట్రీషియన్‌ని అడిగితే ఫ్యూజ్‌తో సహా బిగిస్తాడు.

ఇంకోటి, ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మీద టీవీ పెట్టొద్దు. రాత్రి సూపర్ ఓవర్ చూశాక, పొద్దున్న అందరూ దిగి బండి తొయ్యాల్సి వస్తుంది.

గురి కుదరాలంటే

ఇదే అసలు పని. భయపడాల్సింది మాత్రం లేదు. మొదటిరోజు సాయంత్రం మాకు పాతిక నిమిషాలు పట్టింది. నాలుగో రోజుకి ఏడు నిమిషాల్లో అయిపోయింది.

ముందు స్టాండు రాడ్ నిటారుగా ఉండాలి. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి కొనుక్కోండి, లేదా ఫోన్‌లో లెవెల్ యాప్ వాడండి. రాడ్ వాలితే డిష్ మీదున్న అంకెలన్నీ అబద్ధాలే.

తర్వాత ఉపగ్రహాల దిక్కు చూపించే యాప్ ఏదైనా ఓపెన్ చేసి మూడు అంకెలు రాసుకోండి. దిక్కు ఎన్ని డిగ్రీలు, ఎత్తు ఎన్ని డిగ్రీలు, ఎల్‌ఎన్‌బీని ఎంత తిప్పాలి. యాప్‌ని సిగ్నల్ ఉన్నచోటే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. నెట్ లేకుండా పనిచేస్తుందో లేదో ఫ్లైట్ మోడ్‌లో ఒకసారి చూడండి.

దిక్కు చూసేటప్పుడు ఫోన్‌ని బండికి, స్టాండుకి దూరంగా పట్టుకోవాలి. ఇనుము దగ్గరుంటే ఫోన్‌లో దిక్సూచి తికమకపడుతుంది.

ఎత్తు ముందు బిగించేసి, డిష్‌ని పక్కకి చాలా నెమ్మదిగా తిప్పాలి. వేలెడు తిప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ వేలెడు. బాక్స్‌కి సిగ్నల్ గుర్తుపట్టే టైమ్ ఇవ్వాలి. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ చూసి మురిసిపోకండి, అది ఏ ఉపగ్రహానికైనా పెరుగుతుంది. పెరగాల్సింది క్వాలిటీ. 93.5, 95 డిగ్రీల ఉపగ్రహాలు ఒకటిన్నర డిగ్రీ తేడాతో పక్కపక్కనే ఉన్నాయి. ఫ్రీ డిష్ కోసం వెతుకుతూ పక్కింటి తలుపు కొట్టడం చాలా తేలిక.

డిష్ వాలకం చూసి కూడా మోసపోవద్దు. మన డీటీహెచ్ డిష్‌లో ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కింద వైపు ఉంటుంది. అందుకే డిష్ నిజంగా చూసే చోటు దాని ముఖం కంటే ఇరవై డిగ్రీలకి పైనే ఎత్తున ఉంటుంది. "ఇది కొబ్బరిచెట్టు వైపు చూస్తోందిరా" అని తాతయ్య కంగారుపడ్డాడు. అది చెట్టు మీదుగా పైకి చూస్తోంది.

ఊరు మారితే అంకెలు మారతాయి, ఇది మర్చిపోవద్దు. ఉత్తరాన్ని సున్నా అనుకుని కుడివైపుగా కొలిస్తే, ఫ్రీ డిష్ ఉపగ్రహం హైదరాబాద్ నుంచి సుమారు 138 డిగ్రీల దిక్కున ఉంటుంది. అరకులో అదే 149. పదకొండు డిగ్రీల తేడా. డిష్ చూసేదేమో మూడు డిగ్రీలు. అందుకే నిన్నటి గుర్తులు ఇవాళ పనిచేయవు, ప్రతి ఊళ్లో మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

వానొస్తే?

గట్టి వానకి పోతుంది. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాల్ని వాన చినుకులు మింగేస్తాయి. ఎంత ఖరీదైన డిష్‌కైనా ఇది తప్పదు. అరకులో ఒక సాయంత్రం నలభై నిమిషాలు బొమ్మ పోయింది, సరిగ్గా ఛేజింగ్ చివర్లో. తాతయ్య ముఖం చూడాలి! వాన తగ్గగానే దానంతటదే వచ్చింది, డిష్ ముట్టుకోలేదు. అలాంటప్పుడు కంగారుపడి డిష్ తిప్పితే ఉన్నది కూడా పోతుంది. పెన్‌డ్రైవ్‌లో నాలుగు పాత సినిమాలు పెట్టుకోండి, బండివాళ్లు చెప్పిన సలహా అక్కడ పనికొస్తుంది.

మర్నాడు మేమంతా బొర్రా గుహల మెట్లు దిగి ఎక్కుతుంటే తాతయ్య బండిలోనే ఉన్నాడు. బండి చింతచెట్టు కింద, కిటికీలు తెరిచి, ఫ్లాస్కులో కాఫీ, టీవీలో వార్తలు. మేం తిరిగొచ్చేసరికి ఢిల్లీలో ఏం జరుగుతోందో, విశాఖలో వాన ఎప్పుడు పడుతుందో మొత్తం చెప్పాడు. టూర్‌కి వెళ్లి టీవీ చూడ్డమేంటని నవ్వేవాళ్లుంటారు. నడవలేని మనిషిని ఇంట్లో వదిలి రావడం కంటే ఇది చాలా నయం.

విదేశీ డోమ్, పైకప్పుకి రంధ్రాలు

అయినా సరే ఆటోమేటిక్‌దే కావాలనుకునేవాళ్లకి రెండు మాటలు.

అమెరికాలో ఉన్న బావో బాబాయో సెకండ్‌హ్యాండ్ డోమ్ తెస్తానంటే వద్దని చెప్పండి. అక్కడి డీటీహెచ్ సిగ్నల్ వృత్తాకార ధ్రువణంలో వస్తుంది, మన దగ్గర సరళరేఖా ధ్రువణం. సింపుల్‌గా చెప్పాలంటే ఆ తాళంచెవి ఈ తాళానికి పట్టదు. యూరప్‌వి కాస్త దగ్గరే, కానీ ఆటోమేటిక్ డిష్ తన జాబితాలో ఉన్న ఉపగ్రహాలనే వెతుకుతుంది. వాళ్ల జాబితాలో ఆస్ట్రా, హాట్‌బర్డ్ లాంటివి ఉంటాయి. మీ కంపెనీ ఉపగ్రహం ఉందా అని అమ్మేవాళ్లని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మొద్దు.

రెండోది, పైకప్పుకి బిగించడం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చేయకూడదు. మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణం కూడా ఉంది. సొంత బండి అయితే రంధ్రం వేసేముందు ఆర్టీఏలో అడగండి. అద్దె బండి అయితే ఓనర్ అనుమతి లేకుండా స్క్రూ కూడా బిగించొద్దు. పైన డోమ్ పెడితే బండి ఎత్తు పెరుగుతుందని, కింది కొమ్మలు, రైల్వే అండర్‌పాస్‌లు అప్పుడు గుర్తుకొస్తాయని కూడా మర్చిపోకండి. స్టాండు డిష్‌కి ఈ తలనొప్పులేవీ లేవు.

కొనేముందు ఐదు ప్రశ్నలు

కదులుతుండగా టీవీ నిజంగా అవసరమా? మనం ఆగే చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదా? ఇంట్లోవాళ్లు తప్పకుండా చూసే రెండు మూడు ఛానెళ్లు ఏవి, అవి ఏ ఉపగ్రహం మీద ఉన్నాయి? బండిలో విడిగా బ్యాటరీ ఉందా, ఎన్ని ఏహెచ్? 60 సెంటీమీటర్ల డిష్ పెట్టుకోవడానికి చోటుందా?

ఈ ఐదింటికీ జవాబులు కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి. షాపువాళ్లు మీకు అవసరం లేనిది అంటగట్టలేరు. సామాన్లు ఇంటికొచ్చాక, టూర్‌కి వారం ముందే ఓ సాయంత్రం మేడ మీద మొత్తం బిగించి చూడండి. స్పానర్ సైజు సరిపోలేదనో, కనెక్టర్ వదులైందనో అప్పుడే తెలుస్తుంది. హార్డ్‌వేర్ షాపు వీధి చివర్లో ఉండగానే తెలియడం మంచిది కదా!